ముద్దకు ఎన్ని కేలరీలు?

"ముద్ద అంటే ఎన్ని గ్రాములు?"

డైటీషియన్ ఈ ప్రశ్న అడిగింది మా నాయనని. హోసూరు బస్టాండు దగ్గరి క్లినిక్కులో, ఏసీ చలికి తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్న మా నాయన వీరప్ప, పరీక్షలో పక్కవాడి పేపరు చూసే పిల్లాడిలా నా వైపు చూశాడు.

"ముద్ద అంటే ముద్దేనమ్మా," అన్నాడు చివరికి.

"అది సరే అప్పా. ఎంత ఉంటుంది? ఇంతా?" ఆమె పిడికిలి చూపించింది.

"అది మా కుక్కకు పెట్టేది."

ఆమె రెండు పిడికిళ్లూ కలిపి చూపించింది. నాయన తల అడ్డంగా ఊపాడు. ఆమె పెన్ను కింద పెట్టి, రెండు చేతులూ చాపి, లేని ముద్దను గాల్లో గుండ్రంగా తిప్పింది.

"ఆఁ! ఇప్పుడు చూడు, ముద్ద మాదిరి ఉంది," అన్నాడు నాయన మహా సంతోషంగా.

బల్ల మీద పేరు చెక్క ఉంది. వినుత. నవ్వు బయటపడకుండా పెదవి కొరుక్కుంటోంది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది అప్పుడే. మూసుకోలేదు.

"మేడమ్, నేను రక్షిత్. ఈడే గేర్లు చేసే కంపెనీలో క్వాలిటీ చూస్తాను. ఐదు మైక్రాన్లు తేడా వస్తే పీసు పక్కన పడేస్తాను. ముద్ద నేను తూకం వేసి పంపిస్తాను."

"పిండా, ముద్దా?"

"ఆఁ?"

"తూకం పిండికా, ఉడికిన ముద్దకా? వంద గ్రాముల రాగిపిండికి మూడు వందల ఇరవై కేలరీలు. అదే పిండికి నీళ్లు పోసి కెలికితే మూడింతల ముద్ద అవుతుంది. కేలరీలు మూడింతలు కావు. ఏది తూకం వేస్తారు?"

ఇన్నేళ్లు కొలతలతోనే బతికినవాణ్ని, రోజూ తినే ముద్ద దగ్గర తెల్లమొహం వేశాను. నాయన మాత్రం నా పరువు పోయినందుకు కాస్త కూడా బాధపడలేదు.

"మావాడికి ఇనుము సంగతే తెలుసమ్మా," అన్నాడు.

విషయం మాత్రం నవ్వులాట కాదు. నాయనకు షుగరు పెరిగిపోయింది. రెండు నెలల్లో దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పదని డాక్టరు చెప్పాడు. పొలంలో నాగుపాము కనిపిస్తే పక్కకు జరిగి నీళ్లు కట్టుకునే మనిషి, సూది అనగానే పాలిపోయాడు. ఇంట్లో చేసే తిండికే కేలరీల లెక్క కట్టి, ఎంత తినాలో వినుత చెబుతుంది. రోజూ రెండు పూటలా తినేముందు కంచం, మా మాటలో తట్ట, ఫొటో తీసి ఆమెకు పంపాలి. పంపేది నేను.

నాకు ఆమె నచ్చింది. చుట్టూ తిప్పి చెప్పడం దేనికి?

* * *

బేరిగై పక్కన మా ఊరు. ఇంట్లో ముగ్గురం. మా అమ్మ కెంపమ్మ వంటింట్లోకి నేను డిజిటల్ తూకం తీసుకుపోయిన రోజు, అమ్మ తెడ్డు అడ్డం పెట్టి నిలబడింది.

"కూడు తూకం వేసేదేందిరా? అంగడా ఇది?"

"నాయనకు సూది వద్దంటే వేయాల్సిందేమా. పులుసులోకి నూనె ఎంత పోసినావు?"

"రవ్వంత."

"రవ్వంత అంటే?"

"రవ్వంత అంటే రవ్వంత."

అనపకాయ పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. నేను బయటికి వచ్చి వినుతకు ఫోన్ చేశాను.

"మేడమ్, రవ్వంత అంటే ఎన్ని మిల్లీలీటర్లు?"

అటువైపు నుంచి నవ్వు వినపడింది. క్లినిక్కులో కొరుక్కున్న పెదవిని అక్కడ వదిలేసినట్టుంది.

"మా అమ్మ రవ్వంత అయితే మూడు స్పూన్లు. మీ అమ్మ చేయి పెద్దదా, చిన్నదా?"

"చానా పెద్దది."

"అయితే నాలుగు రాసుకుంటాను."

వాళ్లది వేప్పనపల్లి దగ్గర. మామిడి తోట ఉంది. వాళ్లింట్లోనూ ముద్దే, వాళ్లమ్మదీ 'రవ్వంత' కొలతే. చదువు కోసం కొన్నేళ్లు హాస్టల్లో ఉండి వచ్చినా మాట మారలేదు. ఇదంతా నేను అడిగి తెలుసుకోలేదు. పితికిపప్పుకు కేలరీలెన్ని, ఉలవచారుకు కేలరీలెన్ని అని అడుగుతూ ఉంటే దారిలో తెలిసింది.

ఒక రోజు కంచం పక్కన మా తోటలో పూసిన రోజాపువ్వు పెట్టి ఫొటో తీశాను. వెంటనే జవాబు వచ్చింది.

'ఆ పువ్వుకు ఎన్ని కేలరీలు?'

'అది నాయన తినేదానికి కాదు.'

'మరి ఎవరికి?'

'మీకు' అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్లీ టైపు చేశాను. ఈలోగా 'టైపింగ్ అని అరగంట నుంచి చూపిస్తోంది, పువ్వు వాడిపోతుంది' అని ఆమె దగ్గరి నుంచి వచ్చింది. నేను భయపడి 'దేవుడికి' అని పంపేశాను.

నా అంత మొద్దు బేరిగై చుట్టుపక్కల ఇంకొకడు ఉండడు.

* * *

నెల తిరిగి పరీక్ష చేయిస్తే నాయనకు షుగరు తగ్గలేదు. పైగా బరువు పెరిగాడు.

వినుత తన కంప్యూటరులో లెక్కలన్నీ మొదటి నుంచి చూసింది. మళ్లీ చూసింది. ఆమె లెక్క ప్రకారం ఈపాటికి నాయన చొక్కాలు వదులు కావాలి. ఎదురుగా కూర్చున్న నాయనకు బొత్తాం పట్టడం లేదు.

నాయన ఇంకో పరీక్షకు రక్తం ఇవ్వడానికి కళ్లు మూసుకుని లోపలికి వెళ్లాక, ఆమె నన్ను వరండాలోకి పిలిచింది.

"ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోవద్దు."

"అడగండి."

"ఆ ఫొటోలు నిజమేనా?"

"నిజమేనా అంటే?"

"ఫొటోకొక తట్ట, తినేదానికొక తట్ట. కొందరు అట్ల చేస్తారు. నేను చూసినాను."

"నేను అట్లాంటివాడి మాదిరి కనపడతా ఉన్నానా? తట్టలో పెట్టిందే తూకం వేసినాను, అదే ఫొటో తీసినాను. మీ లెక్కే తప్పేమో, చూసుకోండి."

అనకూడని మాట అనేశాను. ఆమె మొహంలో రంగు మారింది.

"నా లెక్క నాలుగుసార్లు చూసినాను. అబద్ధం చెప్పేవాళ్లకు నేను లెక్క కట్టలేను. వచ్చే నెల నుంచి మీ నాయన ఫైలు ఇంకొకరు చూస్తారు." రెండడుగులు వేసి ఆగింది. "మిమ్మల్ని గురించి నేను వేరేగా అనుకున్నాను."

"వేరేగా అంటే?"

"వదిలేయండి."

బాగలూరు దాటేదాకా బండి మీద నాకు అదే ఆలోచన. వేరేగా అంటే ఎట్లా? మంచిగానా? ఎంత మంచిగా? అనుకున్నాను అంటే ఇప్పుడు అనుకోవడం లేదనా?

"నాయనా, ఒక ఆడపిల్ల 'మిమ్మల్ని గురించి వేరేగా అనుకున్నాను' అంటే ఏమని అర్థం?" వెనక కూర్చున్న నాయనని అడిగాను.

"సూది గురించా?" అన్నాడు నాయన కంగారుగా.

ఇంకేం అడగలేదు.

అబద్ధం నేను చెప్పలేదు. ఆమె లెక్క తప్పలేదు. అయితే బరువు యాడి నుంచి వచ్చింది? ఇంట్లో బెల్లం డబ్బా మూత తీసి చూశాను, పెట్టిన బెల్లం పెట్టినట్టే ఉంది. నాయన దిండు కింద బిస్కెట్ల కోసం వెతికాను. బేరిగై టీ అంగడికి పోయి, "మా నాయనకు టీలో చక్కెర వేస్తా ఉన్నావా?" అని అడిగాను. అంగడాయన సమాధానం చెప్పకుండా నా భుజం మీదుగా చూస్తున్నాడు. వెనక్కి తిరిగితే నాయన నిలబడి ఉన్నాడు.

"ఏమ్రా, నన్ను దొంగను చేసినావా?" అన్నాడు.

చక్కెర లేని టీ గ్లాసు అట్లాగే బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ పూట నాకు తిండి సయించలేదు. నాయన నాతో మాట్లాడటం లేదు, వినుత నా మెసేజీ చూడటం లేదు. ఫైలు ఇంకొకరి చేతికి పోతే ఆమెకు ఫోన్ చేయడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా మిగలదు. అబద్ధాలకోరుగా ఆమె మనసులో మిగిలిపోతాను.

మెసేజీ పెట్టాను. 'ఆదివారం మా ఇంటికి రండి. ఒక్క పూట మీ కళ్లతో చూడండి. తప్పు మా దగ్గర ఉంటే నేను మళ్లీ ఎప్పుడూ ఫోన్ చేయను.'

చదివినట్టు గీతలు నీలం అయ్యాయి. ఎంతసేపటికీ జవాబు లేదు. నేను ఆశ వదిలేసి ఫోను జేబులో పెట్టుకున్నాక మోగింది.

'లొకేషన్ పంపండి.'

* * *

ఆదివారం ఆమె స్కూటీ బాగలూరు దాటగానే వాన పట్టుకుంది. వాకిట్లో దిగేసరికి తడిసి ముద్దయిపోయింది. ఆ రోజు మా ఇంట్లో తూకం వేయని ముద్ద అదొక్కటే.

"అయ్యో, బిడ్డ ఎట్ల నానిపోయిందో చూడు!" అమ్మ తువ్వాలు తీసుకుని పరుగెత్తింది. "ముందు తల తుడుచుకోమ్మా. తూకాలు తర్వాత."

వినుత నా వైపు చూడలేదు. తల తుడుచుకుని, సంచిలోంచి తన తూకం తీసి వంటింట్లో బండ మీద పెట్టింది. నా తూకం మీద నమ్మకం లేదన్నమాట. మంచిదే అనుకున్నాను. నేను మాత్రం కంపెనీలో చేసే పని ఒకటి చేశాను. లోపలికి ఎంత సరుకు పోయింది, బయటికి ఎంత వచ్చింది అని చూడటం మాకు అలవాటు. కెలికి దించిన ముద్ద సట్టిని అట్లాగే ఎత్తి తూకం వేసి పెట్టుకున్నాను.

నలుగురికీ నాలుగు ముద్దలు. వినుత ఒక్కొక్కటీ తూకం వేసింది. నాయన కంచానికి తనే ఫొటో తీసింది. పులుసు గిన్నెతో కొలిచి పోసింది.

"రోజూ ఇంతేనా అప్పా?"

"ఇంతేనమ్మా. నీ మీద ఒట్టు," అన్నాడు నాయన. నా వైపు ఒక చూపు విసిరాడు, దొంగ నేను కాదు అన్నట్టు.

భోజనానికి కూర్చున్నాం. ఆమె నాకు ఎదురుగా. నేను తల ఎత్తినప్పుడల్లా ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. పోలీసు చూపో, ఇంకేం చూపో తెలియలేదు. బయట వాన రేకుల మీద దడదడమని కొడుతోంది. అమ్మ గరిటె పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది, వినుత చేయి అడ్డం పెట్టి వద్దు వద్దంటోంది, నాయన నవ్వుతున్నాడు. ఏ ఇంట్లో అయినా భోజనాలు అట్లాగే ఉంటాయి.

చేతులు కడుక్కున్నాక వినుత తన కాగితం చూసుకుంది. మొహంలో కోపం పోయింది. దాని చోట అయోమయం వచ్చింది.

"సరిగ్గా ఫొటోలో ఉన్నట్టే తిన్నారు. ఒక్క ముద్ద, ఒక గిన్నె పులుసు. కేలరీలు కూడా సరిపోయినాయి." గొంతు తగ్గింది. "రక్షిత్, మిమ్మల్ని అనుమానించినాను. నా లెక్కలోనే యాడో తప్పుంది. యాడ ఉందో మాత్రం తెలీలేదు."

నేను సంతోషపడాల్సింది. కానీ నేను అప్పటికే సట్టిని రెండోసారి తూకం వేసి, అంకె వైపే చూస్తున్నాను.

"మేడమ్, ఇట్ల రండి."

"ఏమి?"

"నలుగురం తిన్నాం. సట్టిలో నాలుగు ముద్దలు తగ్గాల. ఆరు తగ్గినాయి."

ఆమె చూసింది. తన తూకం మీద కూడా పెట్టి చూసింది. ఆరే.

"రెండు ముద్దలు యాడికి పోయినాయి?"

ముగ్గురం వంటింట్లో వెతకడం మొదలుపెట్టాం. నాయన కిటికీలోంచి కుక్కను చూశాడు. కుక్క అమాయకంగా తోక ఊపింది. వినుత పొయ్యి వెనక వంగి చూసింది. నేను చెత్తబుట్ట కూడా చూశాను. అమ్మ మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని మా ముగ్గురినీ వింతగా చూస్తోంది.

"ఏందప్పా వెతికేది?"

"రెండు ముద్దలు లేవుమా."

"యాడికి పోతాయి? మీ కడుపుల్లోనే ఉండాయి."

"మనిషికి ఒకటే కదా తిన్నాం?"

"ఒకటే. ఆ పైన మారు పెట్టినాను కదా."

పొయ్యి వెనక వంగిన వినుత లేచి నిలబడింది.

"మారు?" అంది వినుత.

"మారు పెట్టకుండా ఎట్లమ్మా లేపేది? ఒక్కసారి పెట్టి చేయి కడిగించేది మనిషికి పెట్టే కూడేనా? తలా సగం ముద్ద, దాని మీద ఒక గరిటె పులుసు, రవ్వంత నెయ్యి. దినమూ పెట్టేదే. మీ ఇంట్లో పెట్టరా?"

"పెడతారు," అంది వినుత నెమ్మదిగా. "మా అమ్మ కూడా పెడుతుంది." అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టినట్టుంది. కళ్లు పెద్దవయ్యాయి. "నేను... ఇప్పుడు నేను కూడా తిన్నానా?"

"వద్దు వద్దంటానే అంతా తిన్నావు. ఇంకా రవ్వంత పులుసు కూడా అడిగినావు."

వినుత అక్కడే పీట మీద కూలబడింది. తూకం చేతిలో ఉన్న డైటీషియన్, మూడు వందల గ్రాముల ముద్దను ఐదు గ్రాముల తేడా లేకుండా కొలిచిన మనిషి, ఆ వెంటనే సగం ముద్ద మారు తిని, ఒకటే తిన్నానని కాగితం మీద రాసింది. నాయన ఒట్టు పెట్టింది కూడా నిజమే. మా ఇళ్లలో ఎన్ని ముద్దలు తిన్నావంటే మారును ఎవరూ కలపరు. అది తిండి కిందికి రాదు, మర్యాద కిందికి వస్తుంది.

"పూటకు రెండు వందల యాభై, మూడు వందల కేలరీలు," అని వినుత తల పట్టుకుంది. "రెండు పూటలా. నెలంతా. దేవుడా, రెండేళ్ల నుంచి నేను తినేదానికి వేసుకునే లెక్కలు కూడా తప్పే!"

తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి అమ్మ నవ్వింది.

"అయితే నేను దొంగను కాదు," అన్నాడు నాయన అందరికంటే గట్టిగా. నా భుజం మీద ఒక చరుపు చరిచాడు. టీ అంగడి నాటి కోపం అందులో పోయింది. నా భుజం ఇంకో రెండు రోజులు నొప్పి పెట్టింది.

మారు మానేయమంటే అమ్మ ఒప్పుకోదు. వినుత అడగను కూడా అడగలేదు. అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, ముద్ద చిన్నది చేద్దాం. ముందు సగం పెట్టు. మారుగా ఇంకో సగం పెట్టు. నెయ్యి వద్దు," అంది.

అమ్మ ఆమె వైపు తిరిగింది. "మారు ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"అట్లయితే సరి. ఇది ముందే చెప్పింటే ఇంత రచ్చ ఎందుకు?" అంది అమ్మ, తప్పంతా మాదే అన్నట్టు.

* * *

వాన సన్నబడింది. వినుత తిన్నె మీద నిలబడి చున్నీ కొస పిండుకుంటోంది. నేను ఆమె తూకాన్ని గుడ్డతో తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను.

"నెలంతా మీ నాయన పక్కనే కూర్చుని తిన్నారు," అంది. "అమ్మ మారు పెట్టేది ఒక్క పూట కూడా చూడలేదా? మైక్రాన్లు చూసే మనిషి!"

"చూడలేదు."

"ఎట్ల?"

ఈసారి చెరిపేయడానికి వీల్లేదు. చెప్పేశాను.

"ఫొటో పంపినాక నేను ఫోను కింద పెడితే కదా! గీతలు నీలం అయినాయా, మీరు టైపు చేస్తా ఉన్నారా... అదే చూస్తా కూచుంటాను. అమ్మ ఏం పెట్టిందో, నేనేం తిన్నానో నాకు తెలీదు. నాకు మీరంటే చానా ఇష్టం. ఆ పువ్వు దేవుడికి కాదు."

చున్నీలో నీళ్లు అయిపోయాయి, అయినా ఆమె పిండుతూనే ఉంది. ఏదో ఒకటి అనాలని అడిగాను.

"మరి మీరు? ఈ పొద్దు మీ కళ్ల ముందరే పెట్టింది. తూకం పక్కనే ఉంది. మీరెట్ల చూడలేదు?"

"నేను తట్టను చూడలేదు."

"మరి?"

"నిన్ను చూస్తా ఉంటిని."

మీరు పోయి నువ్వు వచ్చింది. నేను గుడ్డ జారవిడిచాను.

"అబద్ధం చెప్పే మొహమా కాదా అని చూస్తా ఉంటిని," అంది, వాకిట్లో గుంటలో పడే చినుకుల వైపు తిరిగి.

"ఏం తేలింది?"

"కాదని తేలింది. ముద్దలో మొదటి తుంట మింగేలోపలే తేలిపోయింది."

"మరి భోజనం అయ్యేదాకా చూస్తానే ఉన్నావెందుకు?"

"ఊరికే చూసినాను."

"ఊరికే అంటే?"

నిజంగానే అర్థం కాక అడిగాను. ఆమె నా వైపు తిరిగింది. ఆ రోజు వరండాలో మారిన రంగు కాదు, ఇది వేరే రంగు. చెవుల దాకా ఎర్రగా ఉంది.

"ఊరికే అంటే, నాకు కూడా నువ్వంటే ఇష్టమని. ఇది కూడా తూకం వేసి చెప్పాలా?"

లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏమయ్యా, వేప్పనపల్లిలో వాళ్ల నాయన పేరు ఏమో అడిగి పెట్టుకోరాదా?"

"నువ్వు ఊరకుండు. ముందు పిల్లోళ్లను మాట్లాడుకోనీ," అని నాయన గొంతు. ఇద్దరూ తలుపు వెనకే ఉన్నారు.

వినుత రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల సందులోంచి నన్ను చూసింది. ఈ చూపు ఏం చూపో నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఆ నెలలో నాకు పూర్తిగా అర్థమైన సంగతి అదొక్కటే.